ఏడో నంబరు కోడి

గుమ్మలపేట మునిసిపాలిటీలో కోళ్ళు ఉద్యోగంలో చేరిన రోజు ముసురు పట్టి ఉంది. పశువైద్యురాలు కిల్లి హైమవతి ఆఫీసు వెనక మురుగుకాలవ గట్టున గొడుగు పట్టుకుని నిలబడి, వ్యానులోంచి దిగుతున్న ఒక్కొక్క కోడినీ అటూ ఇటూ తిప్పి చూసి, కాలికి నంబరు రేకు తొడిగించింది. కోళ్ళు బాగున్నాయి. తెల్లగా, పడుచుగా, ప్రభుత్వం అంటే ఏమిటో ఇంకా ఎరగనట్టు హాయిగా ఉన్నాయి.

ఈ కోళ్ళ వెనక మంచి ఆలోచనే ఉంది. ఆ మాట ముందే ఒప్పుకోవాలి. అంతకుముందు వానాకాలంలో జిల్లాలో మెదడువాపు జ్వరం తగిలి పిల్లలు పోయారు. ఆ వైరస్ కొంగల్లోనూ పందుల్లోనూ పెరుగుతుంది. దోమ దాన్ని మోసుకొచ్చి మనిషికి ఎక్కిస్తుంది. మనిషికి ఎక్కాక తెలుసుకుంటే ఏం లాభం? అందుకని దోమలు ముసిరేచోట కోళ్ళని ఉంచి, వాటిని కుట్టనిచ్చి, వారం వారం నెత్తురు తీసి పరీక్ష చేస్తే, వైరస్ ఊళ్ళో అడుగుపెట్టిన సంగతి ముందుగానే బయటపడుతుంది. కోడికి దానివల్ల ఏ జబ్బూ చెయ్యదు. ఊరికి మాత్రం కాస్త వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో పొగ కొట్టచ్చు, పందుల్ని ఊరికి దూరంగా తరలించచ్చు, పిల్లలకి టీకాలు వెయ్యచ్చు. 'నిఘా కోళ్ళ పథకం' అని పేరు పెట్టి పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు హైమవతికి నిజంగా సంతోషం వేసింది. ఉద్యోగంలో చేరిన తరవాత ఒక ఉత్తర్వు చదివి ఆవిడ సంతోషించడం అదే మొదలు.

మొదటివారమే వీధికుక్క ఒకటి గూడు తలుపు లాగి ఒక కోడిని ఎత్తుకుపోయింది. మునిసిపల్ కమిషనర్ చక్రధరరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన సౌమ్యుడు, శుభ్రత గల మనిషి. బల్లమీద పెన్ను వంకరగా ఉన్నా ఓర్చుకోలేరు.

"ఇది కోడి పోవడం కాదు మేడమ్. ప్రభుత్వ చరాస్తికి సంభవించిన నష్టం," అన్నారాయన.

దాంతో కోళ్ళకి కాపలాగా వంజరాపు సింహాచలాన్ని పెట్టారు. యాభై దాటిన మనిషి. అంతకుముందు సంతలో కొబ్బరికాయలు అమ్మేవాడు. ఎవరో ఏజెన్సీవాళ్ళ ద్వారా కాంట్రాక్టు మీద వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ కోళ్ళని మీరు, గారు అని మన్నించేవాడు.

"అదేంటి సింహాచలం, కోడిని పట్టుకుని జరగండి అంటావు?" అని హైమవతి నవ్వింది.

"ఈల్లు పర్మినెంటోల్లు గాదా డాట్రమ్మా. నాను కాంట్రాక్టోన్ని. రేపొద్దున నన్ను తీసీగలరు గానీ, ఈల్లని ఎవులు తీసీగలరు?"

కుక్క గొడవ సద్దుమణిగిందో లేదో 'దోమరహిత కార్యాలయం' అనే ఉద్యమం మొదలైంది. ఏ ప్రభుత్వ ఆవరణలో దోమ కనిపిస్తే ఆ కార్యాలయాధికారికి మెమో. తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మలపేట ఆఫీసంతా కలయదిరిగి మెచ్చుకుని, చివరికి కోళ్ళ గూళ్ళ దగ్గరికి వెళ్ళి, అరచేత్తో మెడమీద చరుచుకున్నాడు. అరచేతిలో దోమ ఉంది.

ఆ మధ్యాహ్నమే చక్రధరరావు గారు హైమవతిని పిలిపించారు.

"కోళ్ళ దగ్గర దోమలున్నాయట."

"ఉండాలి కదండీ. దోమలు కుట్టడానికేగా వాటిని అక్కడ పెట్టాం."

"అది పథకం మేడమ్. నేను ఆవరణ గురించి మాట్లాడుతున్నాను."

"దోమ కుట్టకపోతే వైరస్ దొరకదండీ."

ఆయన పెన్ను తిన్నగా సర్దుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. "దొరకాలని మన ఉద్దేశమా?"

ఆ ప్రశ్నకి జవాబు హైమవతి ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మర్నాటికల్లా గూళ్ళకి దోమతెరలు కట్టారు. కాలవగట్టున తెర కట్టినా దోమలు పూర్తిగా మానవు గనక, తరవాత గూళ్ళని లోపలికి మార్చారు. లోపల అంటే కౌన్సిల్ సమావేశ మందిరం. కిటికీలకి జాలీలు, మూలమూలకీ దోమల బిళ్ళలు, నడినెత్తిన పంకాలు. కౌన్సిలర్ల సమావేశాలు నిరవధికంగా వాయిదా పడ్డాయి. అందువల్ల పట్టణానికి ఇబ్బందేమీ కలిగినట్టు కనపడలేదు. గుడ్లు మాత్రం బాగా పెట్టాయి.

మందిరంలోకి బయటివాళ్ళు రాకూడదు గనక సింహాచలం పడక వెనక వరండాలో, కాలవ వైపు పడింది. కోళ్ళు దూరమైన దోమలు ఎక్కడికి పోతాయి? ఉన్న ఒక్కడి మీదా పడ్డాయి. అతను తువ్వాలు ముసుగు తన్ని, కాళ్ళు గోనెసంచిలో పెట్టుకుని కూచునేవాడు. తనకీ ఒక తెర ఇప్పించమని అర్జీ పెడితే, "తెరలు నిఘా కోళ్ళ నిమిత్తం మంజూరైనవి. ఇతరులకు వర్తింపజేయు అవకాశము లేదు" అని సమాధానం వచ్చింది. హైమవతి తన ఇంట్లో పాత తెర తెచ్చిస్తే, నాలుగోనాడు తనిఖీలో 'అనధికార వస్త్రము' అని విప్పించేశారు.

వారం వారం ఆవిడ నెత్తురు తీసి జిల్లా ప్రయోగశాలకి పంపుతూనే ఉంది. వారం వారం 'వైరస్ లేదు' అని వస్తూనే ఉంది. పక్క పట్టణాల్లో కోళ్ళు ఆరుబయట కుట్టించుకుని దొరికిపోతూంటే గుమ్మలపేట మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. జిల్లా కేంద్రంలో సభ పెట్టి 'వైరస్ రహిత పట్టణం' అని చక్రధరరావు గారికి షీల్డు ఇచ్చారు. ఆయన వినయంగా, "ఇది నా ఒక్కడి కృషి కాదు, కోళ్ళ సమష్టి కృషి," అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో హైమవతి కూడా ఉంది. పక్కన కూచున్నావిడ కొడుతూంటే ఊరుకోలేక కొట్టింది. ఇంటికొచ్చాక ఆ చేతులు చూసుకుని ఆవిడకి కాస్త సిగ్గేసింది.

షీల్డు వచ్చిన కొన్నాళ్ళకే కాలవ వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. ముందు పిల్లలకి. తలనొప్పి, వాంతులు, పలవరింతలు. ఒక పిల్లాడు మెడ బిగుసుకుపోయి ఆసుపత్రి మెట్లమీదే పోయాడు. హైమవతి ఆ సంగతి వినగానే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళింది. డ్యూటీ డాక్టరు ఫణిభూషణ్ కుర్రవాడు. అప్పటికి రెండు రాత్రులుగా నిద్ర లేనట్టున్నాడు.

"మెదడువాపే కదా ఇది?" అని అడిగింది.

"నేనూ అదే అనుకుంటున్నాను. పైకి అనడానికి లేదు మేడమ్."

"ఎందుకని?"

అతను సొరుగులోంచి ఉత్తర్వు తీసి ఇచ్చాడు. ఆవిడ అంత సంతోషంగా చదివిన ఉత్తర్వే. చివరి పేరా ఆవిడ ఆనాడు చూసీ చూడనట్టు వదిలేసింది. 'నిఘా కోళ్ళయందు వైరస్ నిర్ధారణ కానిదే సదరు పట్టణ పరిధిలోని మానవులయందు సదరు వ్యాధిని అనుమానించుట గాని, పరీక్షించుట గాని, ప్రకటించుట గాని చేయరాదు' అని ఉంది.

"మరి ఆ పోయిన పిల్లాడికి ఏం రాశారు?"

"జ్వరం వంటిది అని."

"జ్వరం వంటిదేమిటి?"

"జ్వరం అని రాస్తే ఏ జ్వరమని అడుగుతారు మేడమ్," అన్నాడు ఫణిభూషణ్, కళ్ళు నులుముకుంటూ. "మీ కోళ్ళలో ఒక్కదానికి వస్తే చాలు. ఒక్కటంటే ఒక్కటి. ఈ రాత్రికే వార్డు తెరుస్తాను."

ఆ మాట ఎలా పాకిందోగాని, మర్నాటి నుంచి జనం కోళ్ళని చూడటానికి రావడం మొదలుపెట్టారు. పిల్లల్ని భుజాన వేసుకుని మందిరం కిటికీల దగ్గర నిలబడి జాలీలోంచి లోపలికి చూసేవాళ్ళు. అరవడం, దెబ్బలాడటం లేదు. ఊరికే చూసేవాళ్ళు. కోళ్ళు పంకాల కింద మేత మేస్తూ, బలిసి, మెరుస్తూ ఉండేవి. సూరీడమ్మ అని కాలవ వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ, కూతురు నీలవేణిని ఎత్తుకుని వచ్చింది. పిల్ల ఒళ్ళు పెనంలా ఉంది. కళ్ళు సగం మూతపడ్డాయి.

"ఏమ్మా, ఇక్కడికొచ్చావు? ఆసుపత్రికి తీసుకెళ్ళు," అంది హైమవతి.

"ఆడికే ఎల్లొచ్చినాను తల్లీ. ఈ కోల్లకి నేదు గాబట్టి నీ పిల్లకీ ఉండదన్నారు." సూరీడమ్మ కిటికీకేసి చూసింది. "అందుకే ఒక్కపాలి ఈటిని సూసి పోదారని. ఇవి ఎలాగున్నాయో సూస్తే, నా పిల్ల ఎలాగుండాలో తెలుస్తాది గదా."

హైమవతి లోపలికి వెళ్ళి, తెర పైకెత్తి, ఒక కోడిని చేతిలోకి తీసుకుంది. అది ధైర్యంగా ఆవిడ కేసి చూసింది. వారం వారం తాను తీస్తున్న నెత్తురు ఏం పని చేస్తోందో ఆవిడకి ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది. ఊరికి వైరస్ రాలేదని ప్రతి వారం తానే సంతకం పెట్టి పంపుతున్నట్టే లెక్క.

కమిషనర్ దగ్గరికి వెళ్ళి కోళ్ళని మళ్ళీ కాలవ గట్టున పెట్టనివ్వమని బతిమాలింది. ఆయన ఓపిగ్గా విన్నారు.

"మేడమ్, షీల్డు వచ్చాక కోళ్ళని దోమలకి వదిలామంటే ఏమనుకుంటారు? కావాలని తెచ్చుకున్నట్టుండదూ?"

"పిల్లలు పోతున్నారండీ."

"విన్నాను. చాలా బాధాకరం. కానీ దేనివల్ల పోతున్నారో మనకి తెలియదు కదా. తెలిసేదాకా బాధపడటం తప్ప ఏం చెయ్యగలం?"

ఆవిడ బయటికి వచ్చేసరికి వరండాలో సింహాచలం ముడుచుకుని పడుకుని ఉన్నాడు. తువ్వాలు తీసి నుదుటిమీద చెయ్యి వేసింది. కాలిపోతున్నాడు. చేతులనిండా దోమకాట్ల దద్దుర్లు.

"ఎప్పట్నించి ఇలా ఉంది?"

"నిన్నటాల నుంచి. తలకాయ పగిలిపోతన్నాదమ్మా. ఆసుపత్రికెల్తే ఏటి పన్సేస్తావని అడిగినారు. కోల్ల కాడ అన్నాను. అయితే నీకేటి భయం, కోల్లు బాగున్నాయంట గదా అన్నారు." అతను కష్టం మీద నవ్వాడు. "నిజమే గదా."

మూడు శాఖలున్నాయి. మనుషులది ఒకటి, పశువులది ఒకటి, దోమలది ఒకటి. ఈ మూడూ కలిసే ఒకేచోట ఇతను పడుకుని ఉన్నాడు. కోళ్ళు చెయ్యాల్సిన ఉద్యోగమంతా ఇతనే చేశాడు. కాలికి రేకు లేదు, అంతే తేడా.

ఆవిడ సంచీ తెరిచింది. గేదెల మెడలో సూది గుచ్చి అలవాటైన చేత్తో సింహాచలం మోచేతి దగ్గర నరం వెతికింది. నెత్తురు తీసి గొట్టంలో పోసి, మూత బిగించి, చీటీ మీద పేరు రాయబోయి ఆగింది. మనిషి పేరు రాస్తే ప్రయోగశాల మెట్ల దగ్గరే తిప్పి పంపేస్తారు. ఇది తప్పని ఆవిడకి తెలుసు. పట్టుబడితే ఉద్యోగం పోతుందనీ తెలుసు. సూరీడమ్మ పిల్ల సగం మూసిన కళ్ళు గుర్తొచ్చాయి. చీటీ మీద 'కోడి నం. 7' అని రాసింది.

"ఏటి రాసినారమ్మా?" అన్నాడు సింహాచలం.

"నిన్ను పర్మినెంటు చేశాను. పడుకో," అంది.

ఫలితం ఫోనులో వచ్చింది. ప్రయోగశాల అధికారి స్వయంగా చేశారు. ఏడో నంబరు కోడికి మెదడువాపు వైరస్ ఉంది. ఎంత ఉందంటే, కోడి నెత్తురులో అంత స్పష్టంగా దొరకడం ఆయన ఇంతవరకూ చూడలేదట.

ఇక చూడాలి ప్రభుత్వాన్ని. అదే ప్రభుత్వం, అవే మనుషులు. ఆ సాయంత్రానికే పొగ యంత్రాలు కాలవ వీధిలోకి వచ్చాయి. ఐసు పెట్టెల్లో టీకాలు వచ్చాయి. పందులవాళ్ళకి పరిహారం ముట్టజెప్పి వాటిని ఊరికి దూరంగా లారీల్లో తరలించారు. ఫణిభూషణ్ అన్నమాట ప్రకారం వార్డు తెరిచాడు. నీలవేణిని అందులోనే చేర్చారు, సింహాచలాన్నీ చేర్చారు. ఇప్పుడు మనుషులకి జబ్బు చెయ్యడానికి అనుమతి వచ్చింది. సూరీడమ్మ ఆసుపత్రి గుమ్మంలో హైమవతి చేతులు పట్టుకుని, "ఆ కోడెవుత్తో గానీ, దాని కడుపు సల్లగుండ," అంది.

ఏడో నంబరు కోడి మాత్రం చిక్కుల్లో పడింది. తెరలోపల, జాలీలోపల, దోమల బిళ్ళల మధ్య ఉన్న కోడికి వైరస్ ఎలా వచ్చిందని పైనుంచి విచారణకి బృందం బయల్దేరింది. వాళ్ళు వచ్చేలోపే చక్రధరరావు గారు ముందుజాగ్రత్తగా కోడికి సంజాయిషీ నోటీసు ఇచ్చి, ఒక ప్రతిని గూటికి అతికించారు. 'అనుమతి లేకుండా ప్రధాన కేంద్రమును విడిచి వెళ్ళి, దోమలతో అనధికార సంపర్కము నెరపినట్లు తెలియవచ్చుచున్నది. గడువులోగా సమాధానమివ్వని పక్షములో, చెప్పుకొనవలసినది ఏమియు లేదని భావింపబడును' అని అందులో ఉంది. కోడి ఆ కాగితాన్ని సగం పొడిచి తినేసింది. దాన్ని ధిక్కారం కింద నమోదు చేశారు.

బృందానికి పెద్ద విశ్వంభరం గారు. సంయుక్త సంచాలకులు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మందిరంలో కోళ్ళ మధ్యే సమావేశం జరిగింది. కోడి ఏ కిటికీలోంచి పోయి ఉంటుంది, ఏ వేళకి తిరిగి వచ్చి ఉంటుంది, దానికి లోపలివాళ్ళెవరైనా సహకరించారా అని చర్చ సాగుతోంది. ఒకాయన గూటి తలుపు కొలత తీసుకున్నాడు. హైమవతి విని విని, ఇక వినలేక లేచి నిలబడింది.

"ఆ నెత్తురు కోడిది కాదండీ. మా కాపలా మనిషి సింహాచలానిది. నేనే ఏడో నంబరు వేసి పంపాను."

చక్రధరరావు గారు పెన్ను తిన్నగా సర్దుకున్నారు. విశ్వంభరం గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"మేడమ్, ఈ ఊరికి టీకాలు ఎవరి పేరు మీద వచ్చాయి?"

"కోడి పేరు మీదండి."

"ఇప్పుడు మీరు అది కోడి కాదంటే, ఆ టీకాలు వెనక్కి పంపాలి. వేసినవి కూడా."

"వేసినవి ఎలా పంపుతారండీ?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను," అన్నారాయన. ఆ గొంతులో ఎగతాళి లేదు. "వార్డు మూసెయ్యాలి. పందుల్ని వెనక్కి తేవాలి. కమిషనర్ గారి షీల్డు సంగతి, మీ ఉద్యోగం సంగతి సరే. ఇదంతా మీకు కావాలా?"

"అక్కర్లేదండి."

"అయితే మీరిప్పుడు లేచి నిలబడలేదు. అది కోడే."

సమావేశం ఏకగ్రీవంగా అది కోడేనని తీర్మానించింది. ఒక కోడి బయటికి పోగలిగింది గనక మిగతా కోళ్ళకి తెర రెండు వరసలు కట్టాలనీ, పంకాలు పెంచాలనీ కూడా తీర్మానించింది. హైమవతి కూచుంది. శిక్ష తప్పిందని ఊపిరి పీల్చుకుందామంటే ఆ తెరల మాట ఒకటి మిగిలింది. వచ్చే వానాకాలం మళ్ళీ ఎవరి నెత్తురు తియ్యాలి అని ఆలోచిస్తోందావిడ.

సింహాచలం బతికి బయటపడ్డాడు. నీలవేణి కూడా బతికింది. మాట కాస్త తడబడుతోంది, వస్తుందిలే అన్నాడు ఫణిభూషణ్. మెట్లమీద పోయిన పిల్లాడిది ఇప్పటికీ జ్వరం వంటిదే. కోడికి వైరస్ తేలకముందే పోయాడు గనక అతన్ని ఈ లెక్కలో కలపడానికి వీలు లేదన్నారు. హైమవతి అందుకోసం తిరగని ఆఫీసు లేదు.

సింహాచలం ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున ఆఫీసులో అతనికోసం రెండు కబుర్లు కాచుకుని ఉన్నాయి. చెప్పకుండా విధులకి గైర్హాజరైనందుకు ఏజెన్సీవాళ్ళు అతన్ని తీసేశారు. రెండోది, వైరస్ సోకిన ఏడో నంబరు కోడిని శాస్త్రీయంగా నిర్మూలించి, పాతిపెట్టి, సాక్షి సంతకంతో ధ్రువపత్రం పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జరిగింది తెలిసినవాడు గనక సాక్షిగా అతన్నే రమ్మంది హైమవతి.

"ఏటి రాసుందో ఒక్కపాలి సదివి పెట్టండమ్మా," అన్నాడతను, పెన్ను పట్టుకుని.

ఆవిడ చదివింది. ఏడో నంబరు కోడి రోగగ్రస్తమై, ప్రజాప్రయోజనార్థం నిర్మూలింపబడి, సున్నం చల్లి పూడ్చబడినదని, అది సాక్షి కళ్ళారా చూసెనని.

సింహాచలం వేళ్ళు ముడుస్తూ లెక్క చూశాడు. "అంటే, రోగమొచ్చిన కోడి పోయినాది. రోగమొచ్చినోన్ని నాను. పూడ్సీడం నానే సూసినాను."

"కాగితం మీదే, సింహాచలం."

"కాయితం మీదే గదా నాను పన్సేసింది కూడా," అని కుదురుగా, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు.

గూటిలో అసలు ఏడో నంబరు కోడి నిక్షేపంగా ఉంది. చచ్చిపోయిన కోడికి మేత ఇవ్వడం కుదరదని పొద్దున్నుంచీ దానికి గింజలు వెయ్యలేదు. హైమవతి తెరలు రెండూ పైకెత్తి, కాలి రేకు ఊడదీసి, కోడిని అతని చేతిలో పెట్టింది.

"తీసుకెళ్ళు. ఇది ఇక్కడ లేదు."

"రండి బాబూ, పోదాం," అన్నాడు సింహాచలం కోడితో. దాన్ని చంకలో పెట్టుకుని కాలవ వీధి వెంట, టీకాల వరసలో నిలబడ్డ తల్లుల పక్కనుంచి, తామిద్దరూ పోయిన సంగతి ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.